నేను చదవని తొమ్మిదో నిబంధన

మా ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి బడిపంతులునైన నేనొక్కణ్ణే. అందుకే 1962లో ఊళ్ల పంచాయతీలపై ఉండే సమితి నుంచి కొనుగోళ్ల నిబంధనలు వచ్చినప్పుడు, వాటిని తెలుగులో రాసి పంచాయతీకి చదివి వినిపించే పని నాకు అప్పగించారు. అర్థం కానిదేమీ లేదు అందులో. నలభై ఊళ్ల పంచాయతీలు సమితితో కలిసి ఆదిలాబాదులోని ఒకే వర్తకుడితో ఒప్పందం చేసుకుంటాయి. బావి తాడు, సున్నం, నీళ్లలో కలిపే బ్లీచింగు పొడి అన్నీ అతని దగ్గరే కొనాలి. ఒప్పందంలో చేరిన ఊరు బయట కొనకూడదు.

మొత్తం పది నిబంధనలు. తొమ్మిదోది నేను చదవలేదు. అంటువ్యాధి వంటి ఆపద వస్తే పంచాయతీ ఎక్కడైనా కొని, తర్వాత సమితి అనుమతి తీసుకోవచ్చునని అందులో ఉంది. అంతకు ముందు ఏడాది సర్పంచు హనుమండ్లు తన బామ్మర్ది దుకాణంలో బావి తాడును రెట్టింపు ధరకు కొన్నాడు. ఈ నిబంధన అతనికి తెలిస్తే ఊరికి ప్రతి వారం ఒక ఆపద వస్తుందనుకున్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

మరుసటి శ్రావణంలో కలరా వచ్చింది. మొదట ఒక ముసలాయన పోయాడు. ఆ రోజే పొడి కోసం సమితికి రాసి పంపాను. రెండు రోజులైనా సరుకు రాలేదు. మూడో రోజు పొద్దున హనుమండ్లు బడికి వచ్చాడు.

"సారూ, ఇచ్చోడ ఊర్ల ఫజలుద్దీన్ దుకాణంల పొడి డబ్బాలు ఉన్నయట. బండి కట్టమంటరా?"

"సమితి సామానే కొనాలె గదా, పటేలా."

"గా సమితోళ్లు వచ్చేదాక ఆగితే పొడి బావిల పోసుడు కాదు, మన బొందల మీద పోసుడే. జర సూడుండ్రి, గా కాయిదంల ఏదన్న తొవ్వ లేదా?"

ఉంది. కానీ అది చెబితే, ఏడాదిగా దాచానని కూడా చెప్పాలి. రేపటికి సరుకు వస్తుందిలే అనిపించింది.

"లేదు," అన్నాను.

"మీరే లేదన్నంక ఇగ ఏముంది," అని వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు మా పక్కింటి కొమురవ్వ భర్త లచ్చయ్య పోయాడు. తర్వాత నా భార్య బాలలక్ష్మి మంచం పట్టింది.

ఇంట్లో నీళ్లు కాచి తాగాలని చెప్పాను. బాలలక్ష్మి కాచిన నీళ్లతో నా చెంబు నింపి మూత పెట్టేది. తాను మాత్రం బావి దగ్గర బట్టలు ఉతుకుతూ, దాహమైతే అక్కడే దోసిలి పట్టి తాగేదట. ఆ సంగతి మంచం పట్టాక గాని చెప్పలేదు.

"కోపం జెయ్యకు. అందరు తాగుతనే ఉన్నరు గదా," అంది.

ఆ సాయంత్రమే పోయింది. రెండో రోజు సమితి డబ్బాలు వచ్చాయి.

దినాలు అయ్యాక పంచాయతీ కూర్చుంది. కొమురవ్వ కూడా వచ్చి ఒక పక్కన కూర్చుంది. హనుమండ్లు లేచాడు.

"మన సారుకు ఇంటిదే పోయింది. అయినా రూలు తప్పలే. కాయిదమే గట్లుంటే ఆయనేం జేస్తడు?"

ఆ మాట విని కూర్చోలేకపోయాను. లేచి తొమ్మిదో నిబంధన చదివాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. తాడు సంగతి రాగానే హనుమండ్లు తల దించుకున్నాడు. అప్పుడు కొమురవ్వ అడిగింది.

"అంటే, గా దినం బండి పోతే మా ఇంటాయన బతుకునా, సారూ?"

"బతికేటోడేమో, కొమురవ్వా."



"బాలలక్ష్మక్కకు ఎర్కేనా గీ సంగతి?"

"ఎర్క లేదు."

"చెప్పకుంటనే కాటికి పంపినవా?"

అవునన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. తిడుతుందని నిలబడ్డాను. తిట్టలేదు. నా పక్క నుంచే నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.