టీవీ అమ్మ

మా ఆయన బుర్ర మోకాల్లో ఉందని పెళ్ళైన కొత్తలోనే తెలిసింది నాకు. కానీ బోటు కేబిన్లో మా అత్త ఏళ్ళ తరబడి మొక్కుతున్న అమ్మవారిని ఊడదీసి, తెనాలిలో కాఫీ కొట్టు పెట్టుకున్నవాడి చేతిలో పెడతాడని మాత్రం అనుకోలేదు.

అమ్మవారంటే నిజం అమ్మవారు కాదు. టీవీ ప్రకటన రేకు. ఇళ్ళల్లోకి టీవీలు కొత్తగా వస్తున్న రోజుల్లో రేపల్లెలో ఒక కొట్టు ముందు వేలాడేదట. తలుపులున్న చెక్కపెట్టె టీవీ, దాని పక్కన నీలం పట్టుచీర కట్టి చెయ్యెత్తి నిలబడ్డ ఆడమనిషి, కింద ‘మీ ఇంటి వెలుగు’ అని ఎర్రటి అక్షరాలు. కొట్టు మూసేసినప్పుడు మా మామ నాంచారయ్య ఆ రేకు అడిగి తెచ్చుకుని, కేబిన్ గోడకు పడ్డ చిల్లు మీద మేకులు కొట్టాడు. ఆ ఏడాది తుపానులో నిజాంపట్నం నుంచి వెళ్ళిన వాళ్ళు కొందరు తిరిగి రాలేదు. మామ వచ్చాడు. మా అత్త గంగరత్నం కేబిన్లోకి తొంగి చూస్తే అభయమిస్తున్నట్టు ఎత్తిన చెయ్యి, పక్కన తెల్లగా వెలుగుతున్న టీవీ! ఇంకేముంది, పసుపు రాసి కుంకం పెట్టేసింది. ఆ రోజు నుంచి ఆమె టీవీ అమ్మ. ఆమెకు హారతి ఇవ్వనిదే బోటు కదలకూడదు. మామ పోయాక బోటు మా ఆయన నాగశివ చేతికొచ్చింది, అమ్మ మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఈసారి వేట నిషేధం రోజుల్లో బోటుకు మరమ్మతు చేయించాడు. కేబిన్ గోడ చెక్క మార్చేటప్పుడు రేకు బయటికొచ్చింది. పాత వస్తువులు ఏరుకుంటూ రేవుకొచ్చిన హర్ష అనే కుర్రాడు దాన్ని చూసి ముచ్చటపడితే, మా మహానుభావుడు ఇచ్చేశాడు. బదులుగా కేబిన్లోకి ఒక ఎల్‌ఈడీ దీపం పుచ్చుకున్నాడు.

“అమ్మకి చెప్పమాకే. మోకాళ్ళ నొప్పులతో ఈసారి ఎట్టాగూ బోటెక్కలేదు” అన్నాడు నాతో.

నేనూ నవ్వాను. టీవీ బొమ్మకి హారతేంటని నాకూ ఉండేది.

బోటు వెళ్ళింది. రావలసిన రోజు దాటిపోయింది. వెంట వెళ్ళిన బోట్లు వచ్చేశాయి, గాలి తిరిగింది, ఫోను చేస్తే అందుబాటులో లేరనే మాటే. అత్త గుమ్మంలో కూర్చుని “అమ్మకి హారతిచ్చాడా ఆడు? నువ్వు చూశావా?” అని అడిగిందే అడుగుతోంది. అసలే నా ప్రాణం నా దగ్గర లేదు. విసుగులో నోరు జారి ఉన్నది చెప్పేశాను.

అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కంచం పక్కకు నెట్టి, “అమ్మని తెచ్చిందాకా ముద్ద ముట్టను” అంది.

“ఆయన సముద్రంలో, రేకు తెనాలిలో. ఇప్పుడు తెస్తే ఏం లాభం అత్తా?”

“మనింట్లో ఉంటే చాల్లే. ఆమెకి సముద్రమెంత దూరం?”

ఊరికే ఇమ్మంటే బాగుండదని సంచినిండా ఎండుచేపలు, మంచి మెత్తళ్ళు, కుక్కుకుని బయల్దేరాను. బస్సులో పక్కనామె ముక్కు మూసుకుంది. “తినేటప్పుడు కమ్మగానే ఉంటాయిగా!” అని కసిరాను. పాపం, ఆమె ఏం చేసింది? రేపల్లెలో బస్సు మారాను. భట్టిప్రోలు దగ్గర ట్రాక్టర్ అడ్డమొచ్చి బస్సు ఆగితే డ్రైవర్ మీద అరిచాను. ఫోను తీయడం, చూడటం, సంచిలో పడేయడం, మళ్ళీ తీయడం. సీటు ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు. నేను నిలబడితే బస్సు తొందరగా పోతుందా? అయినా తెనాలి దాకా నిలబడే ఉన్నాను.

హర్ష కొట్టునిండా పాత టీవీలు, రేడియోలు, సబ్బుల ప్రకటనలు. వాటి మధ్యలో గోడకు మా అమ్మ. శుభ్రంగా కడిగేశాడు. పసుపు లేదు, కుంకం లేదు. ఇద్దరు ఆడపిల్లలు ఆమె పక్కన నిలబడి సెల్ఫీ దిగుతున్నారు. కడిగిన ముఖం చూస్తే ఇరవయ్యేళ్ళు కూడా నిండని పిల్ల. ఇన్నాళ్ళూ పసుపు కింద కనపడని టీవీ ఏరియల్ ఒకటి ఇప్పుడు తేలింది. ఎత్తిన చెయ్యి అభయం కాదు, ఆ ఏరియల్‌ని చూపిస్తోంది. ఇన్నేళ్ళూ ఈ పిల్లనా మేం కాపాడమని వేడుకున్నది?

అయినా నోరు ఆగలేదు. “తమ్ముడూ, నేను నిజాంపట్నం నాగశివ భార్యని. ఆ రేకు మాకు కావాలి. నీ దీపం బోటులో ఉంది, బోటు రాగానే ఇచ్చేస్తాం. అందాకా ఈ మెత్తళ్ళు ఉంచుకో.”

హర్ష సంచి వంక బెదురుగా చూశాడు. “అన్నయ్యగారు ఇష్టంగానే ఇచ్చారండి. దాన్ని చూడ్డానికే జనం వస్తున్నారు అక్కా. పోనీ, మంచి ఫోటో తీయించి ఇస్తాను.”

“ఆ ఫోటో ఏదో నువ్వే పెట్టుకో.”

అంతలో ఫోను మోగింది. నాగశివ! గొంతు వినగానే కుర్చీలో కూలబడ్డాను. ఇంజను చెడిందట. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చిందట. ఇప్పుడే రేవులో దిగాడట.

“ఎక్కడున్నావే? ఆకలి దంచేస్తంది, అన్నం వండావా?” అన్నాడు.

“నీ అన్నం తగలెయ్య!” అని ఏడ్చాను. కొట్లో వాళ్ళంతా కాఫీలు ఆపి చూస్తున్నా సిగ్గు లేకుండా ఏడ్చాను.

హర్ష మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నేను తాగేదాకా ఆగి, “వచ్చేశారు కదక్కా. ఇంక ఆ రేకుతో పనేముంది?” అన్నాడు మెల్లిగా.

కళ్ళు తుడుచుకుని, కుర్చీ గోడ దగ్గరికి జరిపి పైకెక్కాను.

“ఇవాళ వచ్చాడు తమ్ముడూ. ఇంజను బాగవగానే మళ్ళీ వెళ్తాడు.”

హర్ష కుర్చీ కదలకుండా పట్టుకున్నాడు.