ఎర్రచుక్క గ్లాసు

గ్లాసులన్నీ తోమి బోర్లించాక, నాది మాత్రం కిటికీ పక్కన వేరుగా ఉంటుంది. పొరపాటున కూడా కలవకూడదని మా అత్తగారు దానికి గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టారు. "బయట పనికి పంపితే ఇదుగో, ఈ రోగం తెచ్చుకొచ్చింది" అని ఆడపడుచుతో ఫోన్లో అంటుంటే విన్నాను. నేను పనిచేసింది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో. హెచ్‌ఐవి అక్కడ దొరికే సరుకు కాదు. అది మా ఆయనతో పాటు ఇంటికే వచ్చింది.

ఆ సంగతి ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. పరీక్షల ఫలితం వచ్చిన రోజు ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, "బయటపడితే నా ఉద్యోగం పోతుంది. అమ్మ తట్టుకోలేదు. నువ్వైతే సర్దుకుపోతావు" అన్నారు. ఎంత పిచ్చిదాన్నో, చెయ్యి పట్టుకున్నారు, అదే చాలనుకున్నాను. ఆయన మాత్రలు ఆఫీసు సంచిలో దాక్కున్నాయి, నావి అత్తగారి కంటబడ్డాయి. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. దొరగారు రోజూ నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని పనికి వెళ్తారు. నా పని మాత్రం మాన్పించారు.

కాలర్ కుట్టి తిరగేస్తే కొసలు పదునుగా రావాలి. నా చేతికి వచ్చినట్టు ఇంకెవరికీ రావని ఫ్యాక్టరీలో అనేవారు. ఆ చేతులతో ఇన్నాళ్ళూ నా ఒక్క గ్లాసూ వేరుగా తోముకుంటూ కూర్చున్నాను. తలుచుకుంటే ఏడుపొస్తుంది.

మందులిచ్చే చోట, మాలాంటివాళ్ళను మళ్ళీ పనుల్లో పెట్టించే ఆవిడ ఒకరున్నారు. అందరం అక్కా అంటాం. నిన్న ఆవిడ అన్నారు: "మీ ఫ్యాక్టరీ వాళ్ళతో మాట్లాడానమ్మా. కాలర్లు కుట్టే మనిషి లేక వాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చిందట. జబ్బు సంగతి అక్కడ చెప్పక్కర్లేదు, నీ పని చాలు. రేపు రాకపోతే మాత్రం ఇంకొకర్ని పెట్టుకుంటారు."

సాయంత్రం ఆయనకు చెప్పాను. "మళ్ళీ పనేంటి? అమ్మ ఒప్పుకోదు" అన్నారు.

"ఎందుకు ఒప్పుకోరో మీకు తెలుసు. నిజం మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన టీవీ సౌండు పెంచారు.

ఇవాళ తొందరగా వంట ముగించి, కత్తెర సంచిలో పెట్టుకున్నాను. అత్తగారు గుమ్మం దగ్గరే కూర్చున్నారు.

"ఎక్కడికి? ఒకసారి తెచ్చింది చాల్లేదా?"

ఆయన తల దించుకునే టీ కోసం చెయ్యి చాపారు. ఆ తల ఒక్కసారి ఎత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు. కిటికీ పక్కన గ్లాసు తీసి, టీ పోసి, ఆయన చేతికిచ్చాను.

"అయ్యో, అది నీ గ్లాసు కదే" అన్నారు అత్తగారు.

"ముందు ఆయనదే అత్తయ్యా, తర్వాతే నాదయింది" అన్నాను.