మాటల్లేని నాలుగు నిమిషాలు

నేను రాసే సీరియల్‌ని హైదరాబాద్‌లో మెచ్చుకోనివాళ్లు లేరు. చూసేవాళ్లే లేరు. ఈ వారం కూడా రేటింగు పెరక్కపోతే ఆపేస్తామని ఛానల్ వాళ్లు తేల్చి చెప్పేశారు. ఒళ్లు మండి, బస్సెక్కి నరసాపురం వచ్చేశాను. నా కథ లేసు అల్లే ఆడవాళ్లదే. మా అమ్మ జ్ఞానమ్మ, పక్కింటి సుబ్బాయమ్మ గారు ముప్పై ఏళ్లుగా మా వరండాలో కూర్చుని అల్లేది ఆ లేసే. వీళ్లే చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

మధ్యాహ్నం రెండయింది, నా సీరియల్ వచ్చే వేళ. టీవీలో నాది కాదు, వేరేది వస్తోంది. ఓ అత్త కోడలి మీద విరుచుకుపడుతోంది. ప్రతి మాటకీ మూడేసి ఉరుములు. వీళ్లిద్దరూ తలెత్తకుండా సూదులు ఆడిస్తున్నారు.

"నాది పెట్టలేదేంటమ్మా?"

"సోమవారం పెట్టామే. మధ్యలో సౌండ్ పోయింది. కేబుల్ త్రిమూర్తులికి ఫోన్ చేసి నాలుగు చివాట్లు పెట్టాను కూడాను."

సోమవారం! కథానాయిక తను అల్లిన లేసునంతా తనే విప్పేసుకునే సీను. నాలుగు నిమిషాలు ఒక్క మాట లేదు. దానికోసం డైరెక్టర్‌తో వారం రోజులు దెబ్బలాడాను. ఒక పత్రికలో దాని మీద అరపేజీ రాశారు.

"సౌండ్ పోలేదమ్మా! అలాగే తీశాం! చూస్తే తెలిసేది!"

"చూడమంటే ఎలాగమ్మా ప్రిస్కిల్లా?" అన్నారు సుబ్బాయమ్మ గారు. "కళ్లు సూది మీదుండాలి. ఒక్క పువ్వు తప్పినా విప్పి మళ్లీ అల్లాలి. శనివారానికి సరుకు ఇచ్చెయ్యాలాయె. ఈ అత్తైతే ఏం చేసినా ముందు నోటితో చెప్పి మరీ చేస్తుంది. చెవిన పడితే చాలు."

నాకు ఏడుపొచ్చింది. కోపం వాళ్ల మీద కాదు, నా మీద. ఈ వరండాలోనే పెరిగాను. పని చేసుకుంటూ వీళ్లు టీవీ వైపు చూడగా నేనెప్పుడు చూశానని? వీళ్ల గురించి రాశాను గానీ వీళ్ల కోసం రాయలేదు.

అంతలో ఛానల్ నుంచి ఫోన్. శుక్రవారంతో ఆఖరట. ఆ మాటే అమ్మకి చెప్పాను.

అమ్మ సూది ఒళ్లో పెట్టేసింది. "అయ్యో ప్రభువా! ఆపేస్తారా? శుక్రవారం పని మానేసి అందరం కూర్చుని చూస్తాంలే. ఎదురింటి లక్ష్మీదుర్గ వాళ్లనీ పిలుస్తాను."

"మూడు నెలల నుంచీ నేను అడుగుతున్నది ఆ అరగంటే కదమ్మా!" అని గట్టిగా అరిచేశాను.

"అరవకే, వినపడుతోంది," అంది అమ్మ మళ్లీ సూది అందుకుంటూ.