సున్నపు తేట

రెండేళ్లుగా చౌడమ్మకు తీరని దాహం. కుండెడు నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది. వంగి పడుగు సరిచేస్తుంటే పక్కటెముక విరిగింది. రామలింగప్ప మగ్గం వదిలేసి పెళ్లాం చుట్టూ తిరిగాడు. ఎముకలకు బలమని ఎవరో చెప్పగానే, సున్నం నానబెట్టి, తేట వంచి, రోజూ పొద్దున్నే తన చేత్తో తాగించాడు. అంత ప్రేమ మరి. ఆ ప్రేమే కొంప ముంచబోయింది.

కడపలో డాక్టరు ఏసురాజు ఆమె నెత్తురు తీసి పరీక్షకు మద్రాసు పంపించాడు. అందులో ఉండకూడనంత సున్నం ఉందట. మెడలో రేగిపండంత గడ్డ పుట్టి, ఏదో రసం ఊరుస్తూ, ఎముకల్లోని సున్నాన్ని నెత్తురులోకి తోడేస్తోందట. దానికి తోడు ఈయన తాగించిన తేట. ఆ మాట విన్నరోజే రామలింగప్ప ఇంట్లోని సున్నపుకాయను పెంటమీద పారేశాడు. తాంబూలం మానేశాడు.

కోసి గడ్డ తీసేశారు. మూడోరోజు మధ్యాహ్నం చౌడమ్మ మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంది. చూస్తుండగానే వేళ్లు కొంకర్లు పోయాయి, మాట పడిపోయింది. ఏసురాజు పరుగున వచ్చి సూదిమందు సిద్ధం చేశాడు. అదేం మందని అడిగితే, సున్నమేనని దాచకుండా చెప్పాడు.

రామలింగప్ప మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మల్లా అదేనా సార్? నా చేత్తో పోసింది చాలదా? నేనొప్పుకోను."

డాక్టరు కోప్పడలేదు. గడ్డ పోయింది గనక, ఇన్నాళ్లూ గుల్లబారిన ఎముకలు నెత్తురులోని సున్నాన్నంతా లాక్కుంటున్నాయని, ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరే ఆగిపోతుందని చెప్పాడు.

"చెయ్యి కదలకుండా నువ్వే పట్టుకోప్పా. నరం దొరకాల."

ఈ మాట కూడా తప్పయితే? ఒకసారి నమ్మినందుకే ఇంత జరిగింది. రామలింగప్ప మంచం ముందునుంచి కదల్లేదు. చౌడమ్మ ఆయన్నే చూస్తూ, వంకరపోయిన చేతిని ఆయన ముందుకే చాపింది. ఆయన కూలబడి, ఆ చేతిని రెండు చేతులా అదిమిపట్టాడు.

మందు చాలా నిదానంగా ఎక్కింది. చివరికి ఒక్కొక్క వేలే విచ్చుకుంది.

"నువ్వేం తాపినా నా మంచికే కదా మామా," అంది ఆమె నీరసంగా.

ఆయన అలవాటుకొద్దీ నీళ్లచెంబు నోటికందించాడు. రెండు గుక్కలు తాగి ఆమె చెంబును పక్కకు తోసింది.

"చాలు."

రెండేళ్లలో ఆమె ఆ మాట అనలేదు. చెంబులో మిగిలిన నీళ్లను చూసి రామలింగప్ప బావురుమన్నాడు.