రికార్డరు బోణీ

కర్నూల్లో సరైన రికార్డరు కొనడం కన్నా కొండారెడ్డి బురుజును ఎత్తి పక్కన పెట్టడం సులువని సుదర్శన్‌కు రెండో అంగట్లోనే తెలిసిపోయింది. తను అడిగేది ఒకటి, వాళ్ళు చూపేది ఒకటి. పైగా ప్రతి అంగడివాడూ దాన్ని నోటి దగ్గర పెట్టుకొని "హలో, మైక్ టెస్టింగ్" అనడం, తన గొంతు తనే విని మురిసిపోవడం.

సుదర్శన్ పెళ్ళిళ్ళలో డీజే. బెంగుళూరు క్లబ్బు ఒకటి కొత్త డీజే కోసం వెతుకుతోంది. జనం ముందు పాట వెంట పాట కలిపి వాయించిన సెట్టు, మొదలు నుంచి చివరిదాకా కోత లేకుండా, సీడీలో పంపమన్నారు. సోమవారం కొరియర్‌లో వేయకపోతే గడువు దాటిపోతుంది. చేతిలో ఉన్నది ఆదివారం ఆత్మకూరు రిసెప్షను ఒక్కటే. ఆ తర్వాత ఆషాఢం, పెళ్ళిళ్ళే ఉండవు. ఇది తప్పితే బతుకంతా ఊరేగింపుల ముందు ట్రాక్టరు మీద కూర్చోవాల్సిందే అని అతని భయం.

చాలదన్నట్టు తండ్రి కేశవయ్య వెంటబడ్డాడు. ఆయనది బట్టల వ్యాపారం. ఏ వస్తువైనా పెద్దవాడు పక్కన ఉండి కొంటేనే మోసపోరని ఆయన నమ్మకం.

మొదటి అంగట్లో క్యాసెట్టు రికార్డరు ఇచ్చారు. "క్యాసెట్టు ఒక పక్క అయిపోతే తిప్పాల గదన్నా. నేను పాటలు కలపాల్నా, దాన్ని తిప్పాల్నా?" అని సుదర్శన్ లేచొచ్చాడు. రెండో అంగట్లో విలేకరులు జేబులో వేసుకునే బుల్లిది అంటగట్టారు. ఇంటికి తెచ్చి మిక్సరు వైరు తగిలిస్తే, చిరిగిన స్పీకరులో విన్నట్టు బరబరమంది. వెనక్కి తీసుకుపోతే అంగడివాడికి కోపం వచ్చింది.

"ఏమప్పా, మాట శుద్ధంగా పడతాండాది గదా!"

"మాట కాదన్నా, పాట పడాల!"

"మాట పడేదాంట్లో పాట పడదా? నీకు శానా ఎచ్చులు రా," అన్నాడు కేశవయ్య. కన్నతండ్రే అవతలి పక్షం చేరితే ఇక ఎవరితో చెప్పుకోవాలి?

చివరికి ఫోటో స్టూడియో రాఘవేంద్రప్రసాద్ దగ్గర దొరికింది. పెళ్ళి వీడియోల కోసం హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాడట. మిక్సరు వైరు నేరుగా తగిలించుకోవచ్చు, మెమరీ కార్డులో మూడు గంటల పాట పడుతుంది. కేశవయ్య దాన్ని అరచేతిలో పెట్టి తూచి చూశాడు.

"ఇన్ని దుడ్లకు ఇంతే బరువా?"

సుదర్శన్ నెత్తి కొట్టుకొని కొన్నాడు.

ఇంటికి రాగానే తల్లి అలివేలమ్మకు చూపించాడు. ఈ ఎర్ర బొత్తాం నొక్కితే అంతా పడుతుందని చెప్పాడు. ఆమె కళ్ళకద్దుకుంది. శనివారం అతను దాన్ని చార్జింగులో పెట్టి, స్పీకరు బాక్సులు సర్దడానికి ఆత్మకూరు వెళ్ళాడు. ఆదివారం వచ్చి చూస్తే రికార్డరు మీద కుంకుమ బొట్టుంది. విసుక్కుంటూ తుడిచి సంచిలో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం సెట్టు అతను జన్మలో ఎన్నడూ వాయించనంత బాగా కుదిరింది. వియ్యంకులు కూడా చెప్పులు విడిచి గంతులేశారు. పాట నుంచి పాటకు దారం తెగలేదు. అయ్యాక చూస్తే రికార్డరు తెర మీద కార్డు నిండిందని ఉంది. మొదటి రెండు పాటలే పడ్డాయి. రాఘవేంద్రప్రసాద్‌ను ఏడు తరాలు తిట్టి, కార్డులో ఏముందో వినబోతే శంఖం మోగింది. ఆ వెనకే తండ్రి గొంతు: "పప్పు ఇంకో గరిటె వెయ్యండప్పా."

పొద్దున ఇంటికొచ్చి విరుచుకుపడ్డాడు. అలివేలమ్మ బిక్కమొహం వేసింది.

"శనివారం సత్యనారాయణ వ్రతం చేయిస్తి నాయనా. కొత్త వస్తువు గదా, బోణీ దేవునితో అయితే మంచిదని ఎర్ర బొత్తాం నొక్కితి. ఆపేది నాకు తెల్యకపాయె."

"నేనే గద రా ఆపింది," అన్నాడు కేశవయ్య గొప్పగా. "భోజనాలయినాక చూస్తే ఎర్ర లైటు ఊరికే కాలతాండాది."

"ఇదేమన్నా బట్టలంగడా బోణీ చేసేదానికి? నా బతుకు పాయె గదమ్మా!"

ఆమె వంటింట్లోకి పోయింది. ఆ వ్రతాన్ని ఇప్పుడే చెరిపేస్తానని అరిచి, ముందు ఆమెకు వినబడేలా ప్లే నొక్కాడు సుదర్శన్. కసి తీరాలిగా! పంతులు గోత్రం చెప్పించి, కోరిక మనసులో అనుకోమన్నాడు. మనసులో అనుకోవడం అలివేలమ్మకు ఏనాడు వచ్చింది గనక?

"ఆత్మకూరులో నా కొడుకు వాయించేదంతా ఒక్క ముక్క పోకుండా దీంట్లో పడాల సామీ. బెంగుళూరోళ్ళకు నచ్చాల."

సుదర్శన్‌కు ఒళ్ళు మండిపోయింది. "అమ్మా!" అని అరిచాడు. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేసింది. వేలు చెరిపే బొత్తాం మీదే ఉండిపోయింది.

అలివేలమ్మ గడప దగ్గరికొచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ భయంభయంగా అడిగింది.

"నా గొంతు బాగా పడిందా నాయనా?"

"పడిందిమ్మా," అన్నాడు పళ్ళు కొరుక్కుంటూ. "శానా శుద్ధంగా పడింది."