టీచరమ్మ మోచెయ్యి

రక్తం గడ్డకట్టని జబ్బు అన్నయ్యది. చెల్లెలికి చిన్నప్పటినుంచి తెలిసిందల్లా అతణ్ణి కాచుకోవడమే. అతను తూలితే పట్టుకునేది, కీలు వాస్తే ఐసు పెట్టేది. పెద్దయ్యాక కారు డ్రైవింగ్ నేర్పుతూ అందరిచేతా టీచరమ్మ అనిపించుకున్నా, ఆ కాపలా మాత్రం మానలేదు.

కీళ్లలోకి నెత్తురు దిగీ దిగీ అన్నయ్య మోకాలు అరిగిపోయింది. ఎముకల డాక్టరుగారు నెత్తురు ఆగే మందు ఎక్కిస్తూనే కొత్త మోకాలు అమర్చారు. మర్నాడు అతణ్ణి వార్డులో నడిపిస్తుంటే టీచరమ్మ ఒక పక్క పట్టుకుంది. డాక్టరుగారు అతని కాలిని వదిలేసి ఆమె చేతికేసే చూస్తున్నారు.

"ఏమ్మా, ఆ చెయ్యి చాపవేం?"

"రాదండీ. గేర్లు మార్చీ మార్చీ పట్టేసింది. అప్పుడప్పుడు వాస్తుంది, దానంతటదే తగ్గిపోతుంది."

ఆయన మోచెయ్యి తడిమి చూశారు. మొహంలో నవ్వు పోయింది.

"నీకూ రక్తపరీక్ష చేయించాలి."

"నాకా? ఆ జబ్బు మగాళ్లకేగా! ఆడవాళ్లం మాకు రాకుండా పిల్లలకి ఊరికే మోస్తామంతేగా!"

"అందరూ ఊరికే మోయరమ్మా, కొందరికి జబ్బూ ఉంటుంది."

ఫలితం వచ్చింది. ఆమె నెత్తురూ సరిగ్గా గడ్డకట్టదు. మోచేతి కీలు లోపల అప్పటికే సగం అరిగిపోయి ఉంది.

టీచరమ్మకు పన్ను పీకించుకుంటే ఎంతకీ ఆగని నెత్తురు, కాన్పులో చావు అంచుదాకా వెళ్లి రావడం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మంచం మీదున్న అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను అద్దంలా చూసుకున్నారే అందరూ! నీకేమైందని ఒక్కరూ అడగలేదేంటే? నేనైనా అడగలేదేంటే?"

"నాకే తెలీలేదు, నీకేం తెలుస్తుందిలే," అందామె.

వెంటనే కూతురికి ఫోన్ చేసింది. "నెలసరికి ఇంకా మంచం పడుతున్నావా?"

"కొత్తగా అడుగుతావేంటమ్మా? ఆడపుట్టుకంటే అంతేనని నువ్వేగా అన్నావు!"

"తప్పన్నానే. వెంటనే రా, నీకూ రక్తపరీక్ష చేయించాలి," అంది టీచరమ్మ.

కూతురికీ అదే తేలింది. అయితే కీళ్లు ఇంకా చెడలేదు, మందు వేళకి మొదలైంది. టీచరమ్మ చెయ్యి మాత్రం పూర్తిగా చాపడానికి ఇక రాలేదు. మందుతో, వ్యాయామంతో వాపులు ఆగాయి. అయినా చాలాకాలం, పాఠం చెబుతూ చెబుతూ ఠక్కున ఆగిపోయి, తన మోచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకునేది.