కృతజ్ఞతల రిహార్సల్

“ఇంకొకడైతే గడప దాటనిచ్చేవాడా? నేను కాబట్టి ఉద్యోగానికి పంపిస్తున్నాను,” అన్నాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. “మావాడిది వెన్నలాంటి మనసు,” అని అత్తగారు వంటింట్లోంచే వంత పాడింది. ఈ మాటకు ఆమె చెప్పాల్సిన జవాబు ఒకటుంది. “అవునండీ, అంతా మీ దయ,” అని చిన్నగా నవ్వాలి. నవ్వు కాస్త ఎక్కువైతే వెటకారమంటారు, అసలు లేకపోతే పొగరంటారు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఈ విద్యను ఎంత బాగా నేర్చుకుందంటే, ఇప్పుడు దాంతోనే ఉద్యోగం చేస్తోంది.

నిజంగానే! యూనివర్సిటీలో విరాళాల విభాగం ఆమెది. దాతల డబ్బుతో చదివే పిల్లలు ఏటా జరిగే సభలో వేదికెక్కి కృతజ్ఞతలు చెప్పాలి. ఏం చెప్పాలో రాసిచ్చేదీ, ఎలా చెప్పాలో నేర్పేదీ ఆమే. ఇక్కడ గొంతు తగ్గించు, ఇక్కడ కాస్త ఆగు, ఇక్కడ దాతగారి వైపు చూడు. ఆ డబ్బే లేకపోతే ఎంతోమంది పిల్లలు చదువు మానేసి ఇంటిదారి పట్టేవాళ్లే. ల్యాబుల్లో కొత్త యంత్రాలు వచ్చిందీ దానివల్లే. అది తెలిసే ఆమె ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

ఈసారి వంతెనల ఇంజనీరింగ్ చదివే అమ్మాయి వంతు. రిహార్సల్‌లో ఆ పిల్ల రెండో పేజీ దగ్గర ఆగిపోయింది. తండ్రి వదిలేసి పోవడం, తల్లి ఇళ్లల్లో పాచిపని చేసి అక్కడ మిగిలిన అన్నం తెచ్చి పెట్టడం, అన్నీ ఆ పేజీలోనే ఉన్నాయి.

“ఇది చదవలేను మేడమ్. సభకి మా అమ్మ కూడా వస్తోంది. నేను చదివే చోటు చూడ్డం తనకిదే మొదటిసారి. వంతెనల గురించి చెప్పనా? గాలికి ఎలా ఊగుతాయో, ఎంత ఊగితే ప్రమాదమో... బాగా చెప్తాను మేడమ్!”

పక్కనే ఉన్న విభాగం డైరెక్టర్ నవ్వాడు. “వంతెనల కోసం ఎవడు కన్నీళ్లు పెట్టుకుంటాడమ్మా? పేదరికం కనబడకపోతే చెయ్యి జేబులోకి వెళ్లదు. వచ్చే ఏడాది నీ చదువు, నీకు డబ్బిచ్చే ఆ పెద్దాయన చేతిలోనే ఉంది, గుర్తుపెట్టుకో.” తర్వాత ఆమె వైపు తిరిగాడు. “పిల్ల తడబడితే పూచీ నీదే.”

నేర్పింది. సిగ్గుతో చచ్చిపోతూనే నేర్పింది.

సభ రోజున ఖాళీ కుర్చీలు దాతల కంట పడకూడదని సిబ్బంది కుటుంబాలను కూడా పిలిచారు. భర్త రెండో వరసలో దర్జాగా కూర్చున్నాడు. అతని వెనక వరసలో అమ్మాయి తల్లి, వీపు ఆనిస్తే కుర్చీ మాసిపోతుందేమో అన్నట్టు అంచున కూర్చుంది.

మొదటి పేజీ బాగానే నడిచింది. పేజీ తిప్పి “మా అమ్మ...” అని ఆగి, అమ్మాయి వెనక వరస వైపు చూసింది. ముందు వరస దాతలు ఆత్రంగా ముందుకు వంగారు. రాబోయేది గ్రహించి తల్లి తల దించుకుంది. వేదిక పక్కన నిలబడ్డ ఆమె అది చూసింది. తనూ ఇంట్లో రోజూ అలాగే తల దించుకుంటుంది కదా! అది తట్టగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. గబగబా వేదికెక్కి, ఆ పేజీ లాక్కుని, మైకు అందుకుంది.

“ఇది నేను రాసిన పేజీ. అమ్మాయి మాటలు కావు. ఏం చదువుతోందో తనే చెబుతుంది.”

డైరెక్టర్ ముఖం మాడిపోయింది. ఈ ఉద్యోగానికి నీళ్లొదులుకున్నట్టేనని ఆమెకు అర్థమైంది. ముందు వరసలోని పెద్దాయన కనుబొమలు ముడిచాడు. “అదేంటమ్మా, పిల్లకి కృతజ్ఞత ఉండక్కర్లేదా?”

“చదువుకోమని ఇచ్చారు. చదువుకుంటోంది సార్. కృతజ్ఞత అంటే ఇంకేం కావాలి?”

పెద్దాయన ఆమెనూ, అమ్మాయినీ మార్చి మార్చి చూశాడు. చివరికి, సరే చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

అంతలో భర్త లేచి నిలబడ్డాడు. “క్షమించండి సార్, మా ఆవిడే. తప్పు నాదే లెండి. నేనే కాస్త ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చేశాను,” అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు అతనితో కలిసి నవ్వారు.

మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

“మీరిచ్చారా? నా స్వేచ్ఛ మీ దగ్గరికి ఎప్పుడొచ్చిందండీ?” అని అడిగింది.